సూదికి ముందు పావుగంట

పళ్ళ డాక్టరు పోయాడన్న కబురు నాకు నల్లా దగ్గర తెలిసింది. వరస గదుల మా చాల్‌లో చావు కబురైనా పెళ్ళి కబురైనా ముందు నీళ్ళ వరసలోకే వస్తుంది, బిందెలతో పాటు తర్వాత మెట్లెక్కి ఇళ్ళలోకి చేరుతుంది. నా ముందున్న ఆమె బిందె ఎత్తుకుంటూ, "పంతులమ్మా, మన డాక్టర్ సాబ్ తెల్లారుగట్ల పోయిండట, పెద్ద దవాఖానల" అంది. నా వంతు వచ్చింది. బిందె నిండి, పొంగి, నా కాళ్ళ మీదుగా పారుతున్నా చూస్తూ నిలబడ్డాను. వెనక పద్దెనిమిది మంది ఉన్నారు. నీళ్ళు పారబోసిన మనిషిని మా వరస మూడు తరాల దాకా తిడుతుంది. ఆ రోజు ఒక్కరూ నోరెత్తలేదు. ఆయన గురించి ఇంతకంటే పెద్ద మాట నేను చెప్పలేనేమో.

కామెర్లు. మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. యాభై రెండేళ్ళు. గుండె మాత్రం ఆఖరి గంట దాకా నిబ్బరంగా కొట్టుకుందని ఆయన భార్య చెప్పింది. ఇరవై ఏళ్ళు ఊరందరి గుండెలకు కాపలా కాసిన మనిషికి తన కాలేయం వైపు చూసుకునే తీరిక దొరకలేదు.

ఆయన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. పదకొండో గల్లీలో మా చాల్ కింది అంతస్తున, ఇస్త్రీ దుకాణానికీ పిండిమరకూ మధ్య ఉన్న ఒంటి గది ఖోలీ ఆయన దవాఖానా. తాత వలస వచ్చి ఈ ఊరి గోడలకు రాళ్ళు మోశాడు, తండ్రి ఓడల గోదీలో మూటలు మోశాడు. ఈయన చదువుకుని డాక్టరై వచ్చాడు. మావాళ్ళు డోలు కొట్టించి ఊరేగించారు గాని, తీరా పళ్ళకు మాత్రమే డాక్టరని తెలిసి పెద్దవాళ్ళు కొంచెం చిన్నబోయారు. మోకాళ్ళ నొప్పులకు పనికిరాని డాక్టరు డాక్టరేమిటని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది.

దవాఖానా బయట ఒక చెక్క బెంచీ ఉండేది. చెంప వాచి దిబ్బరొట్టెలా అయినా సరే, వచ్చిన మనిషి ముందు దాని మీద పావుగంట కూచోవాలి. ఆ తర్వాతే లోపలికి పిలుపు. పిలిచాక కూడా నోరు తెరవమనడు, చెయ్యి చాపమంటాడు. జబ్బకు పట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కి, పాదరసం ఎక్కడ నిలుస్తుందో కళ్ళు చికిలించి చూస్తాడు. నోరు చూపించడానికి పోతే చెయ్యి పట్టుకుంటున్నాడు, ఈయన పళ్ళ డాక్టరా, గాజుల శెట్టా అని మొదట అన్నది నేనే. ఆ మాట నాలుగు గల్లీలు తిరిగి ఆయన చెవిన పడింది. మర్నాడు మెట్ల దగ్గర ఎదురై, "పంతులమ్మా, మీ కొలత గాజులు ఇంక రాలే" అని, నవ్వకుండా వెళ్ళిపోయాడు.

బీపీ చూశాక ప్రశ్నలు మొదలయ్యేవి. ఏం తిన్నవ్, ఏం గోళీలు మింగినవ్, మెట్లెక్కితే ఆయాసం వస్తదా, పొగాకు అలవాటుందా. జవాబులన్నీ ఒక అట్టముక్క మీద రాసుకునేవాడు. మనవాళ్ళకు డాక్టరు దగ్గరకు పోవడమంటే గుడికి పోవడమే కదా. తలంటుకుని, పరగడుపున, పొద్దుటి బీపీ గోళీ కూడా మానేసి భక్తిగా వచ్చేవారు. అలాంటివాళ్ళను ఆయన ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు పంపేవాడు. బన్ను తిని, చాయ్ తాగి, గోళీ మింగి వచ్చి మళ్ళీ బెంచీ మీద పావుగంట. పన్ను పీకడానికి ఇంత తతంగమేమిటని ఒకసారి నేనే నిలదీశాను.

"పన్ను పీకేది నేను. బరువు మోసేది గుండె. దాన్నడగకుంట నేనెట్ల పీకాలె?" అన్నాడు.

నేను చదువుకున్నదాన్నని కాబోలు, ఆ రోజు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. కుర్చీ ఎక్కగానే మనిషికి భయం పుడుతుంది, ఆ భయానికి ఒళ్ళే ఒక మందు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, గుండె ఉరుకుతుంది, నరాలు బిగుస్తాయి. ఆ పైన మత్తుసూదిలో, మత్తు చాలాసేపు నిలవడానికి, అదే జాతి మందు ఇసుమంత కలుపుతారు. గట్టి గుండెకు అది లెక్కలోది కాదు. బీపీ ఉన్న మనిషికి మాత్రం రెండూ కలిస్తే భారం. అందుకే ముందు భయం దిగాలి, సూది మెల్లగా ఎక్కాలి, పని అయ్యాక మనిషి మెల్లగా లేవాలి. సూది వేసేటప్పుడు ఆయన ఎడమచెయ్యి ఎప్పుడూ రోగి మణికట్టు మీదే ఉండేది, పెదవులు చప్పుడు లేకుండా లెక్కపెడుతూ ఉండేవి. జపం చేస్తున్నాడని కొత్తవాళ్ళు అనుకునేవారు.

ఆ బెంచీ మీద, ఒళ్ళమ్ముకుని బతికే కింది గల్లీల ఆడవాళ్ళు కూడా వచ్చి కూచునేవారు. ఒకరోజు నేను వాళ్ళ పక్కన కూచోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాను. పావుగంట అయ్యాక నన్ను పిలవలేదు. కూచున్నంకనే లెక్క మొదలైతది, బెంచీ మీద అందరికీ పావుగంటే అన్నాడు. నేను కోపంగా ఇంటికి వెళ్ళిపోయాను. పన్ను నొప్పి నాతోపాటే వచ్చింది.

ఇంతవరకూ రాసినది ఎవరైనా రాయగలరు. ఇకముందు రాయబోయేది నేను తప్ప ఎవరూ రాయలేరు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు.

మునిసిపాలిటీ తెలుగు బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాను. నాలుగో తరగతి ఆరోగ్య పాఠంలో పొగాకు వల్ల నష్టాలు చెప్పేటప్పుడు పిల్లల వెన్ను నిటారుగా ఉండేది. నా రొంటిన మాత్రం ఒక చిన్న రేకు డబ్బీ ఉండేది. అందులో మిస్రీ. పొగాకును పెనం మీద నల్లగా మాడ్చి నూరిన పొడి అది. మరాఠీ ఇరుగుపొరుగు నుంచి మన ఆడవాళ్ళకు అబ్బింది. పొద్దున్నే చిటికెడు తీసి చిగుళ్ళకు రుద్దుకుంటే ఒళ్ళు మేలుకుంటుంది, పన్ను సలుపు కాస్త మొద్దుబారుతుంది. మా చాల్‌లో సగం మంది బాహాటంగానే రుద్దుతారు. నేను తలుపు వేసుకుని రుద్దేదాన్ని. అలవాటు వాళ్ళదీ నాదీ ఒకటే. తలుపు ఒక్కటే నా చదువు సంపాదించి పెట్టింది.

ఆరేళ్ళ కిందట, మిల్లుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, నా కింది దవడ పన్ను పుచ్చింది. డాక్టరు రెండుసార్లు బీపీ చూసి రెండుసార్లూ తిప్పి పంపాడు. గోళీలు రాయించుకోమన్నాడు, రాయించుకున్నాను. మొదటి రోజే అట్ట తీసి, పొగాకు ఉందా అని అడిగాడు. నన్నా అడిగేది అన్నట్టు చూశాను. ఆ చూపుకు నాలుగో తరగతి మొత్తం గజగజలాడేది. ఆయన నా బడిలో చదవకపోయినా తల దించుకుని 'లేదు' అని రాసుకున్నాడు. నా చిగుళ్ళు నల్లగా ఉన్నాయేమంటే, ఉప్పూ బొగ్గూ అన్నాను. అదీ రాసుకున్నాడు.

మూడోసారి వెళ్ళినప్పుడు, ఇవాళ కూడా తిప్పి పంపితే ఫుట్‌పాత్ మీద పట్టకారు పట్టుకుని కూచునేవాడి దగ్గరకు పోతానని బెదిరించాను. బెంచీ మీద పావుగంట కూచోబెట్టాడు. చూశాడు, ఎక్కువే ఉంది. ఇంకో పావుగంట కూచోబెట్టాడు. మళ్ళీ చూశాడు. "ఇప్పుడు జరంత నయం. పీకుదాం" అని సూది సిద్ధం చేసుకోవడానికి అటు తిరిగాడు. నోరు పుక్కిలించి వస్తానని నేను వెనక నీళ్ళు పోయే మోరీ దగ్గరకు వెళ్ళాను.

అక్కడ డబ్బీ తీశాను. పన్ను కోసం ఒక చిటికెడు. భయం కోసం ఇంకొకటి. గబగబా రుద్ది, ఊసి, కడుక్కుని వచ్చి కుర్చీలో కూచున్నాను. ఆయన చూసిన బీపీ ఐదు నిమిషాల కిందటి ఆడమనిషిది. కుర్చీలో ఉన్నది వేరే మనిషి. ఆ సంగతి ఆ ఖోలీలో నా ఒక్కదానికే తెలుసు, నాకు కూడా సరిగ్గా తెలియదు.

సూది సగం ఎక్కిందో లేదో, ఛాతీలో గుర్రాలు వదిలినట్టయింది. చెమటలు. ఎడమచెయ్యి బరువెక్కింది. నేను చెప్పకముందే నా మణికట్టు మీద ఉన్న ఆయన వేళ్ళకు తెలిసిపోయింది. సూది బయటికి లాగేశాడు, కుర్చీ వెనక్కి వాల్చాడు, నాలుక కింద ఒక గోళీ పెట్టాడు. వంగి, నాకు తప్ప ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"పంతులమ్మా, ఇప్పుడు లోపటికి పోయినప్పుడు ఏమన్న తీసుకున్నరా? ఏదైనా సరే చెప్పుండ్రి. నేనెవ్వరికీ చెప్ప."

నేను తల అడ్డంగా ఊపాను.

పాఠకులు ఇక్కడ నన్ను ఏమనుకున్నా తక్కువే. ఊపిరి అందని మనిషి అబద్ధం ఆడగలదని నాకూ అంతకుముందు తెలియదు. గుండె ఆగినా ఫరవాలేదు, పేరు పోకూడదనుకున్నాను కాబోలు.

టాక్సీలో ఆయనే నా పక్కన కూచున్నాడు. చెయ్యి వదలలేదు, లెక్క ఆపలేదు. పెద్ద దవాఖానాలో తొమ్మిది రోజులు ఉన్నాను. గుండెకు చిన్న దెబ్బ తగిలిందన్నారు. గల్లీలో అది చిన్నదిగా మిగలలేదు. వట్టి పన్ను పీకబోయి పంతులమ్మ గుండె ఆపేశాడని మొదటి గల్లీ దాకా పాకింది. అప్పుడు మా చిన్నవాడు వర్లి మిల్లు మూతపడి ఇంట్లో కూచుని ఉన్నాడు. ఎవరి మీద అరవాలో తెలియక నెలల తరబడి దాచుకున్న కోపమంతా తీసుకెళ్ళి దవాఖానా ముందు కుమ్మరించాడు. బెంచీ మీద ఉన్నవాళ్ళందరి ముందూ నానా మాటలూ అన్నాడు. ఆయన బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ ఒకే మాట అన్నాడట.

"నా కుర్చీల కూచున్నంక మంచైనా చెడ్డైనా నాదే, తమ్మీ."

మావాడు ఆ సాయంత్రం నా మంచం పక్కన నిలబడి, చూసినవా అమ్మా, ఒప్పుకుండు గద అన్నాడు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. నొప్పిగా ఉందనుకుని వాడు నర్సును పిలిచాడు.

ఆరో రోజున డాక్టరు నన్ను చూడటానికి వచ్చాడు. కాళ్ళ దగ్గర నిలబడి, వేళకు గోళీలు ఇస్తున్నారా అని అడిగాడు. వెళ్ళబోయే ముందు గాజుగుడ్డలో చుట్టిన చిన్న పొట్లం దిండు కింద పెట్టాడు. "కుర్చీ కింద దొరికింది. మీదే అనుకుంట" అన్నాడు, అంతే. ఆయన మెట్లు దిగిన చప్పుడు విన్నాక విప్పి చూశాను. నా డబ్బీ. మూడు పదుల ఏళ్ళ నలుపంతా పోయి తళతళలాడుతోంది. ఆయన పట్టకార్లు ఉడికే గిన్నెలోనే వేసి ఉడికించినట్టుంది, ఆ మందు వాసన ఇంకా ఉంది. మూత తీస్తే లోపల లవంగాలు. పన్ను సలిపితే బుగ్గన పెట్టుకోవడానికి.

అంటే ఆయనకు తెలుసు. గల్లీ మొత్తం తన మీద రాళ్ళు వేస్తున్న ఆ ఆరు రోజులూ ఆయన జేబులో ఆ డబ్బీ ఉంది. దాన్ని బయటికి తీసి బెంచీ మీద పెడితే చాలు, ఒక్క మాట కూడా అనక్కరలేదు. ఆయన దాన్ని ఉడకబెట్టాడు.

బెంచీ ఖాళీ అయింది. జనం గ్రాంట్ రోడ్ వైపు, చెయ్యి చూడకుండా నోరు చూసే డాక్టర్లను వెతుక్కుంటూ పోయారు. పైనుంచి చూసేదాన్ని. సాయంత్రం నాలుగింటికి ఆయన తలుపు తీసి, బెంచీ తుడిచి, గడియారానికి కీ ఇచ్చి, లోపల కూచునేవాడు. ఆరు నెలలు అలా చూశాను. రోజూ ఇవాళ దిగి నలుగురిలో చెప్పేస్తాననుకునేదాన్ని. రోజూ మోకాళ్ళ నొప్పి అడ్డం వచ్చేది. నాకు మోకాళ్ళ నొప్పులు లేవు.

ఆరు నెలల తర్వాత దిగాను. అందరూ చూస్తుండగా ఖాళీ బెంచీ మీద కూచున్నాను. నేను చేయగలిగిన ప్రాయశ్చిత్తం అంతేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పావుగంటకు ఆయన పిలిచాడు. పట్టీ చుడుతుంటే, "ఇవాళ ఏం పెట్టలే" అన్నాను, తల ఎత్తకుండా.

"నేనడగలే" అన్నాడు.

పాదరసం దిగుతుండగా, మళ్ళీ ఆయనే అన్నాడు. "తప్పు నాది గూడ ఉన్నది పంతులమ్మా. సూది చేతిల పట్టుకున్నంక ఇంకోపారి చూడాల్సింది. చూడలే."

ఆ రోజు పన్ను పీకాడు. నొప్పి తెలియలేదు. అప్పటినుంచి ఆయన నియమం మారింది. పావుగంట తర్వాత ఒకసారి, సూది నింపాక మళ్ళీ ఒకసారి బీపీ చూసేవాడు. మధ్యలో ఎవరినీ కుర్చీ దిగనిచ్చేవాడు కాదు. డాక్టరుకు చాదస్తం ముదిరిందని గల్లీ నవ్వింది. ఆ రెండోసారి ఎవరి వల్ల వచ్చిందో నాకు తెలుసు. నేనూ నవ్వాను, నలుగురితో పాటు.

కొందరు తిరిగి వచ్చారు. బెంచీ మునుపటిలా నిండలేదు.

పోయిన రోజు ఆయన ఇంటికి వెళ్ళాను. దండ పట్టుకుని వరసలో నిలబడ్డాను. నా వెనక, ఈ మధ్యే చాల్‌లో దిగిన ఒకామె తన పక్కనున్న మనిషికి చెబుతోంది. "మనిషి మంచోడేనట గాని, చెయ్యి మంచిది గాదట. ఎవరో పంతులమ్మను చంపినంత పని చేసిండట." ఆ పంతులమ్మ మూరెడు దూరంలో ఉందని ఆమెకు తెలియదు. నేను వెనక్కి తిరగవచ్చు. నోరున్నదాన్నని పేరున్నదాన్ని. దండ వేసి వచ్చేశాను. నిజం దాచింది కుర్చీలో ఒకసారి, మంచం మీద ఒకసారి, ఇప్పుడు ఆయన పాదాల దగ్గర ఒకసారి. ఇంటికి వచ్చి లెక్కపెట్టుకుంటే నిద్ర పట్టలేదు.

పదకొండు రోజులు కాగానే ఆయన భార్య దవాఖానా ఖాళీ చేస్తూ నన్ను పిలిపించింది. కుర్చీ ఎవరో కొనుక్కుపోయారు. అట్టలన్నీ కట్టలు కట్టి ఉన్నాయి. నాది విడిగా తీసి చేతిలో పెట్టింది. పొగాకు: లేదు. ఆయన చేతిరాత. ఆరేళ్ళలో కొట్టేయలేదు, దిద్దలేదు.

అప్పుడు చెప్పాను ఆమెకు. మొత్తం చెప్పాను. ఆమె కట్టలు కట్టడం ఆపకుండా విన్నది.

"నాకెర్కనే" అంది. "ఆ డబ్బీ ఈ చేతులతోనే ఉడకబెట్టిన. జనానికి చెప్తనంటె ఆయన వద్దన్నడు. ఆమె తాన చదువుకున్న ఆడపిల్లలు ఈ గల్లీల నిండ ఉన్నరు, వాళ్ళ మొగం చూడమన్నడు." ఇంకో కట్టకు ముడి వేసింది. "మరి ఆయన మొగం ఎవరు చూడాలె, పంతులమ్మా? ఆరు నెలలు ఖాళీ బెంచీ చూసుకుంట కూచున్నడు."

నేను అట్ట తీసుకుని లేచాను.

ఇంటికి వచ్చి ఎర్ర సిరా కలం తీశాను. దిద్దడం నా వృత్తి. 'లేదు' మీద గీత కొట్టబోయి ఆగిపోయాను. పెట్టెలో దాచుకునే అట్ట మీద దిద్దితే ఎవరికి తెలుస్తుంది? అందుకే మన సంఘం సంచికకు ఇది రాస్తున్నాను. ఆ రోజు పళ్ళ డాక్టరు చెయ్యి తప్పు చేయలేదు. పొగాకు ఉంది. సూదికి ఐదు నిమిషాల ముందు, రెండు చిటికెలు. నా దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఇది చదివితే, డాక్టరు ఏది అడిగినా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నేను చెప్పిన పాఠాల్లో ఇది లేదు. నా మనవరాలికి తెలుగు చదవడం రాదు, మరాఠీయే. అమ్మయ్య అనుకున్నాను ముందు. తర్వాత అది కూడా తలుపు వేసుకోవడమే అనిపించింది. సాయంత్రం దానికి నేనే చదివి వినిపిస్తాను.

ఆ రోజు అట్ట పట్టుకుని దవాఖానా బయటికి వచ్చేసరికి, బెంచీ మీద కింది గల్లీ ఆడమనిషి ఒకామె కూచుని ఉంది. చెంప వాచింది, తలకు గుడ్డ కట్టుకుంది. నెలన్నర ఊరికి పోయి ఆ పొద్దునే వచ్చిందట, కబురు తెలియదు. లోపల కట్టలు కట్టే చప్పుడు విని, డాక్టరు పనిలో ఉన్నాడనుకుంది. నన్ను చూసి జరిగి, నాకు చోటిచ్చింది. తన పావుగంట ఇంకా కాలేదని, అయ్యాక పిలుస్తారని నాకే చెప్పింది.

నేను ఆమె పక్కన కూచున్నాను. రొంటినుంచి డబ్బీ తీసి ఒక లవంగం ఇచ్చాను. ఆమె బుగ్గన పెట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో ఉంచుకుని, ఆయన నేర్పినట్టే మెల్లగా ఊపిరి తీసుకుంటూ తలుపు వైపు చూస్తోంది. లోపల గోడ మీద గడియారం, ఆయన భార్య కీ ఇచ్చిందేమో, ఇంకా నడుస్తోంది. పావుగంట అయ్యాక చెప్పాలి.